అతుకు ముడి

మొదటిసారి ఏడు వచ్చాయి. పోలరాజు చూపుడువేలిని వల కన్నుల మీదుగా ఎడమ నుంచి కుడికి జరుపుతూ మళ్లీ లెక్కపెట్టాడు. ఏడే. సోమవారం పదకొండు ఆకులు, బుధవారం తొమ్మిది, ఈ శుక్రవారం ఏడు. రాలిన రెండూ తొడిమ తెగి తొట్టి అంచుకి కొట్టుకుపోయి ఉన్నాయి. రోజుకొకటి చొప్పున తరుగు. తరుగు ఇంత క్రమంగా ఉందంటే దాని వెనక ఎవరిదో ఒక చెయ్యి ఉన్నట్టే. ముప్పై రెండేళ్లుగా చేపల షెడ్డులో కాటా వేస్తున్న మనిషికి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

వంగి, తొట్టి మూలన ముడి చూశాడు. నిన్న సాయంత్రం తను వేసిన వల ముడే. బిగువు చెడలేదు. కొస వేలెడు పొడుగున అలాగే ఉంది. ముడి కదలకుండా చెయ్యి లోపలికి ఎలా వెళ్లిందన్నదే అతనికి అంతు పట్టలేదు.

కృష్ణలంకలో ఆ రెండంతస్తుల ఇంటి డాబా మీద ముప్పై ఒక్క తొట్టెలున్నాయి. తొట్టెలంటే చేపలొచ్చే థర్మాకోల్ పెట్టెలే. అంచు విరిగి షెడ్డు వెనక పారేసినవాటిని ఏరి తెచ్చి, లోపల నల్ల పట్టా పరిచి, కాలవగట్టు బంకమట్టి నింపి ఒక్కోదాంట్లో ఒక్కో కలువ పెట్టాడు. కొన్ని దుంపలు థాయిలాండ్ నుంచి కొరియర్లో వచ్చాయి. ఎనిమిదిన్నరకి నీలాలు విచ్చుకుంటాయి, తొమ్మిదికి గులాబీలు, ఆ తర్వాత బద్ధకంగా పసుపురంగువి. మధ్యాహ్నం మూడున్నరకల్లా అన్నీ మూసుకుపోతాయి. పోలరాజు తెల్లవారకముందే షెడ్డుకి వెళ్లి ఎనిమిదికి తిరిగొస్తాడు కనక, అవి తన రాక కోసం ఆగి తెరుచుకుంటున్నట్టుంటుంది. ఆ మాట అతను పైకి ఎప్పుడూ అనలేదు.

యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. గంపలు ఎత్తీ దించీ కుడిభుజం ఎడమదానికంటే కాస్త దిగిపోయింది. అరచేతుల నిండా జెల్లచేప ముళ్లు గీరిన తెల్లటి గీతలు. ఐసులో నాని గోళ్లు ఉల్లిపొరల్లా పలచబడ్డాయి. నిమ్మచెక్కతో ఎంత రుద్దినా పోని నీచువాసన. అతను నీళ్లలో చెయ్యి పెడితే దోమపిల్లల్ని తినడానికి వేసిన గప్పీచేపలు పారిపోవు, ఆ వాసనకి దగ్గరికి వస్తాయి.

కాటా దగ్గర మొహాలు చూడకూడదు, చేతులు చూడాలి. పోలరాజు నేర్చుకున్న చదువంతా అదే. పళ్లెం కింద కాలి బొటనవేలు ఆనించేవాళ్లని చూశాడు. చేప నోట్లో ఐసుముక్క కుక్కేవాళ్లని చూశాడు. కుశలం అడుగుతూ మోచేత్తో గంప నొక్కేవాళ్లని చూశాడు. కంప్యూటర్ కాటా వచ్చాక కూడా అతని కళ్లు అంకెల మీద నిలవవు, చేతుల మీదే ఉంటాయి. అందుకే ఏ కమిషన్ వ్యాపారీ అతన్ని వదులుకోలేదు. అందుకే ఎవరూ అతనితో కలిసి టీ తాగలేదు కూడా.

ఆ చదువుకి ఇంట్లో కూడా ఒకసారి మూల్యం చెల్లించాడు. పద్నాలుగేళ్ల కింద భార్య గంగారత్నం తమ్ముడు దుర్గాశంకర్‌ని షెడ్డులో పనికి పెట్టాడు. వరసగా మూడు రోజులు తూకం తక్కువ వచ్చింది. నలుగురిలో నిలబెట్టి బావమరిది సంచి విప్పించాడు. అందులో లుంగీ, టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేవు. నెల తిరక్కుండానే కాటాకి ఒక కాలు తుప్పు పట్టి కుంగిందని మెకానిక్ తేల్చాడు. పోలరాజు ఆ కాలు మార్పించాడు. బావమరిదికి మాత్రం కబురు పెట్టలేదు. దుర్గాశంకర్ ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు తరుగు వస్తున్న ఈ తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క మొక్క. దీనికి జోడీ ఇంకెక్కడా లేదు. ఆరేళ్ల కింద పోలరాజు ఒక నీలం కలువ నడుమ, మొదటిరోజు తేనెలా నిలిచే నీటిలో, గులాబీ కలువ పుప్పొడి రాల్చి, తేనెటీగ దూరకుండా గుడ్డ కట్టాడు. వచ్చిన విత్తనాల్లో రెండొందలు మొలిచాయి. అన్నీ పనికిరానివే, ఇదొక్కటి తప్ప. తెల్లవారుజామున పెట్టె మూత తీయగానే వంజరం చేప వీపు మీద ఒక నీలం మెరుస్తుంది. గంటలో అది చచ్చిపోతుంది. కొనేవాళ్లు ఎవరూ ఆ రంగు చూసి ఎరగరు, షెడ్డువాళ్లకే తెలుసు. ఆ రంగు ఈ పువ్వులో మూడు రోజులు నిలుస్తుంది. గంగారత్నం దానికి వంజరం పువ్వని పేరు పెట్టింది. పోలరాజు ఫోటో తీసి ఎవరికీ పంపలేదు. దీనికి విత్తనం కట్టదు, ఆకు మీద పిల్ల రాదు. దుంప పోతే రంగే పోతుంది. అందుకే మిగతా తొట్టెల మీద మొదట్నుంచీ ఉన్న వలలు చాలవన్నట్టు, దీనికి నాలుగు మూలలా పైపులు నిలబెట్టి, పైన పాత వల కప్పి, మూలన ముడి వేశాడు. ముడి తనది. పల్లెలో తన ఆరేళ్ల వయసులో నాయన నేర్పినది.

తొమ్మిదిన్నరకి మెట్ల మీద దగ్గు వినిపించింది. సంజీవరావు వచ్చాడు.

చల్లపల్లి దగ్గర చేనేత ఇంటివాడు, అరవై ఎనిమిదేళ్లు, మనిషి వెదురులా ఉంటాడు. పదకొండేళ్ల కింద చేపల లోడుతో అటు వెళ్లిన పోలరాజు, వాళ్ల పెరట్లో పాత రంగుబానల్లో నీలం కలువలు చూసి ఆగిపోయాడు. ఎంతకిస్తారని అడిగితే సంజీవరావు నవ్వి, నడుమ పిల్ల పుట్టిన ఆకొకటి తుంచి, తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టాడు. వంజరం పువ్వుకి తల్లి ఆ నీలమే. ఊరికే ఇచ్చినవాడికి ఏం కావాలో పోలరాజుకి పదకొండేళ్లయినా తేలలేదు. రెండు నెలలకోసారి అతను వస్తాడు, తొట్టెల మధ్య తిరుగుతాడు, మజ్జిగ తాగి వెళతాడు. ఏమీ అడగడు. అడగనివాళ్లని చూస్తేనే పోలరాజుకి భయం.

ఆ రోజు మాత్రం అడిగాడు. వల పక్కన గొంతుక్కూర్చుని, తెగిన తొడిమ చివర వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"ఇది కోసింది కాదండీ. కుళ్లి ఊడింది. దుంప బయటికి తీసి చూడాలి."

ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట ఇదేనని పోలరాజుకి అనిపించింది. దుంప బయటికి వస్తేనే కదా, గోరు గిల్లినంత ముక్కయినా చేతికి దొరికేది. ఇప్పుడు కదిపితే మొక్క చచ్చిపోతుందని అన్నాడు. కదపకపోతే చచ్చిపోతుందని సంజీవరావు అన్నాడు. మళ్లీ అడిగాడు. ఈ సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రిలో చేరుతున్నాననీ, సోమవారం గుండెకి ఆపరేషన్ అనీ, మళ్లీ ఎప్పుడు రాగలనో తెలియదనీ, అందుకే ఇవాళే చూద్దామనీ అన్నాడు. గుండె సంగతి ఇంతకుముందు ఎన్నడూ ఎత్తలేదు. సరిగ్గా ఇవాళే ఎత్తాడు. పోలరాజు ఆ మాటని కూడా తూకం వేసి పక్కన పెట్టాడు.

"చూద్దాం లెండి. మీరు వచ్చాక."

అప్పుడే కిందనుంచి తెరేసమ్మ కేకేసింది. శుక్రవారం ఆవిడ రోజు. నిలవనీళ్లున్న ఇల్లిల్లూ తిరిగి, టార్చి వేసి చూసి, దోమపిల్లలుంటే పారబోయించే ఆరోగ్య కార్యకర్త. చేపలున్న తొట్టి జోలికి రాదు, చేపల్లేనిది వదలదు. గేటు పక్క కార్డు మీద సంతకానికి రమ్మంటోంది. గంగారత్నం కూరగాయలకి వెళ్లింది. పోలరాజు మెట్ల దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి చూసి దిగాడు.

కింద ఆవిడ వదల్లేదు. ఎదురింటాయన మళ్లీ ఫిర్యాదు చేశాడనీ, ఒక కుంటంత నీళ్లు డాబా మీద పెట్టుకుంటే ఆయన భయం ఆయనకుంటుందనీ చెప్పుకుపోయింది. పోలరాజు చెవి పైనే ఉంది. ఏ చప్పుడూ రాలేదు. చప్పుడు రాకపోవడమే అతనికి నచ్చలేదు. పావుగంటకి పైకి వచ్చేసరికి సంజీవరావు నీళ్లట్యాంకు పక్క నీడలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. కుడిచేతి చొక్కా మోచెయ్యి దాకా తడిసి ఉంది.

పోలరాజు నేరుగా ముడి దగ్గరికి వెళ్లాడు. వల ముడి. కొస వేలెడు. ఊపిరి వదిలాడు.

"ముడి చూసి నమ్మకండి, పోలరాజుగారూ," అన్నాడు సంజీవరావు. "మీ వల ముడీ, మగ్గం మీద తెగిన పోగుకి మేం వేసే అతుకు ముడీ ఒకటే. పోగుల్ని దువ్వెనలా సర్దే అచ్చులో తట్టుకోకుండా మేం కొస పంటితో కొరికేస్తాం. తడిలో జారకుండా మీరు వేలెడు వదులుతారు. అంతే తేడా. ఇప్పుడు నేను విప్పి, మీలాగే వేశాను."

పోలరాజు ముడి కొస వేళ్ల మధ్య పట్టుకుని లాగి చూశాడు.

"కోప్పడకండి. మీరు తియ్యనివ్వరని తెలుసు. తల్లిదుంప మెత్తబడిపోయిందండీ. పక్కన ఒక పిల్ల గట్టిగా ఉంది. అది తీసి..."

"ఆ సంచి ఇలా ఇవ్వండి."

సంజీవరావు అతన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత భుజానున్న గుడ్డసంచి దించి, నేల మీద పెట్టి, తనే ఒక్కొక్కటీ బయటికి తీశాడు. ఆస్పత్రి ఫైలు. గుండె ఫిల్ము కవరు. ఉతికి మడతపెట్టిన లుంగీ, తువ్వాలు. మాత్రల డబ్బా. పెరుగన్నం కారియరు, దాని మూత కూడా తీశాడు. సంచి తిరగేసి దులిపాడు. రెండు దారపు పోగులు రాలాయి. ఆ తర్వాత అడక్కుండానే చొక్కా జేబు లాగి చూపించాడు.

పోలరాజు చేతుల వంకే చూస్తున్నాడు. ఆ చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. వణికే చేతుల్ని షెడ్డులో అతను ఒకే రకంగా అర్థం చేసుకునేవాడు.

సంజీవరావు అన్నీ మళ్లీ సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ట్యాంకు వెనక నీడ బాగుందండీ మీకు. కొత్త మొక్క ఏదైనా ఉంటే అక్కడ పెట్టాలి."

పోతూ పోతూ మాట కలుపుతున్నాడనుకున్నాడు పోలరాజు. ఆ రోజు మజ్జిగ కూడా ఇవ్వలేదు.

సాయంత్రం దాకా అతను తొట్టి పక్కనే కూర్చున్నాడు. పువ్వులన్నీ మూసుకున్నాయి. ఒక్క మాటతో అతని లెక్కలన్నీ తలకిందులయ్యాయి. పదకొండేళ్లలో సంజీవరావు అరవై సార్లకి తక్కువ రాలేదు. అరవై సార్లూ అతను వెళ్లాక తను ముడి చూసి నిశ్చింతగా పడుకున్నాడు. ముడి ఎవరికైనా వచ్చేదైతే ఆ నిశ్చింత అంతా దొంగతూకమే. ఏ ఏడు ఎన్ని పిల్లలు తగ్గాయో, ఏ వర్షాకాలం ఏ రకం చచ్చిపోయిందో, వాటిలో నిజంగా చచ్చినవెన్నో, చచ్చాయని తను అనుకున్నవెన్నో. వల అల్లడం వచ్చినవాళ్లు కాక, మగ్గం తెలిసినవాళ్లు ఈ జిల్లాలో ఎంతమంది. ఆలోచిస్తూ ఒక్కొక్క తొట్టి ముడీ విప్పి మళ్లీ కట్టాడు. ఈసారి ఏ ముడి వేయాలో తోచక రెండేసి వేశాడు.

గంగారత్నం పైకి టీ తెచ్చింది. జరిగింది విని గ్లాసు గట్టు మీద పెట్టింది. ఆవిడ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు.

"ఆయనవి కూడా లుంగీ, కారియరేనా?"

దిగి వెళ్లిపోయింది.

శనివారానికి నాలుగు ఊడాయి, ఆదివారం మిగిలిన ఆకులు మూడూ ఒకేసారి ఊడి తేలాయి. ఇక దాచడానికి ఏమీ లేదు కనక పోలరాజు మోచెయ్యి దాకా చెయ్యి దించి దుంప పైకి తీశాడు. నల్లగా, కుళ్లిన రొయ్యతలలా వేళ్ల మధ్య జారిపోయింది. వాసన తల తిప్పేలా ఉంది. సంజీవరావు చెప్పింది నిజమే. కానీ ఒక పక్కన, గట్టిగా మిగిలిన చోట, శుభ్రంగా కోసిన గాటు ఉంది. పిల్లదుంప అక్కడుండేది. ఇప్పుడు లేదు. సంచిలోనూ లేదు.

తన అనుమానం నిజమైనందుకు పోలరాజుకి ఒక పూట ఊరటగానే అనిపించింది. షెడ్డులో దొంగ దొరికినప్పుడు అలాగే ఉంటుంది. ఆ పూట గడిచాక, ఆ రంగు ఇప్పుడు చల్లపల్లి దగ్గర ఏదో రంగుబానలో ఉందన్న ఆలోచన పళ్లలో ఇరుక్కున్న ముల్లులా మిగిలింది. మనిషి ఆస్పత్రి నుంచి రానీ, అడుగుదామనుకున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు.

మంగళవారం పొద్దున్న సంజీవరావు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఆయన భార్య రావమ్మ. ఆపరేషన్ అయిందట, రాత్రి తెలివిలోకి వచ్చి రెండు మాటలు మాట్లాడాడట, తెల్లవారకముందే పోయాడట. ఫోన్‌లో ఉన్న పేర్లన్నిటికీ వరసగా చెబుతున్నానంది. పోలరాజు అయ్యో అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తొట్టి వైపే చూశాడు. అనుకున్న మాట ఇక అడగడానికి మనిషి లేడు.

గురువారం షెడ్డుకి సెలవు పెట్టి చల్లపల్లి బస్సెక్కాడు. పలకరింపుకనే బయల్దేరాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. వసారాలో కుర్చీ వేశారు. లోపల మగ్గం గుంటలో ఎవరూ లేరు, సగం నేసిన చీర మీద గుడ్డ కప్పి ఉంది. వచ్చినవాళ్లు లేచి వెళుతున్నారు, కొత్తవాళ్లు వస్తున్నారు. కాసేపటికి, కాళ్లు కడుక్కోవడానికన్నట్టు, పోలరాజు పెరట్లోకి నడిచాడు.

ఏడు బానలు. ఒక్కోదాని మీద వంగి చూశాడు. నీలం, నీలం, తెలుపు, మళ్లీ నీలం. మొలకల బాన ఉంటుందేమోనని గోడ మూలకి వెళ్లాడు. చెంబు పక్కన బోర్లించిన కుండ కూడా ఎత్తి చూశాడు. కింద ఒక కప్ప ఉంది. కుండ చేత్తో పట్టుకుని ఉండగా వెనక రావమ్మ నిలబడి ఉంది.

"మీకేదైనా కావాలంటే తీసుకెళ్లండి అన్నయ్యగారూ. ఆయన ఎవరికీ లేదనలేదు," అంది. "ఆ రోజు నేరుగా ఆస్పత్రికే పోదామన్నాను. ముందు పోలరాజుగారి మొక్క చూసి రావాలి, పోయినసారే ఆకు పాలిపోయి కనిపించింది, అది ఆగదు అన్నారు. చూశారా?"

పోలరాజు కుండ మెల్లగా ఎలా ఉండేదో అలా బోర్లించాడు.

"చూశారమ్మా."

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని వరిమళ్లూ, రొయ్యల చెరువులూ చూస్తూ లెక్క వేసుకున్నాడు. సంచిలో లేదు. పెరట్లో లేదు. మధ్యదారిలో ఎవరికో ఇచ్చి ఉండాలి. ఆస్పత్రి మంచం పక్కన ఎవరో ఒకరు ఉంటారు కదా. ఆ లెక్క ఎక్కడా కుదరలేదు. అయినా ఉయ్యూరు దాటేదాకా వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు శుక్రవారం తెరేసమ్మ నేరుగా డాబా మీదికే వచ్చింది. తొట్టి తొట్టికీ టార్చి వేసి, గప్పీల్ని చూసి తల ఊపుతూ వెళ్లింది. ఖాళీ అయిన వంజరం తొట్టి దగ్గర ఆగి, ఇది పోయిందా అని అడిగింది. పోయిందన్నాడు. ఆవిడ నీళ్లట్యాంకు వెనక్కి తిరిగింది. అక్కడ పాత రంగుల బకెట్ ఒకటి ఎప్పుడూ పడి ఉంటుంది. పోలరాజు దాన్ని లెక్కలోకి తీసుకున్న రోజు లేదు.

"అన్నయ్యగారూ, ఇందులో నీళ్లున్నాయి. ఇది మాత్రం పారబొయ్యాల్సిందే."

"పారబొయ్యమ్మా," అన్నాడు. ఆవిడ వంగి, ఒక చెయ్యి బకెట్ అంచున వేసి, అలవాటు కొద్దీ టార్చి లోపలికి వేసి చూసింది. చెయ్యి తీసేసింది.

"మరి చెప్పరేం. రెండు చేపలేశారుగా. ఉంచండి అయితే," అంటూ కార్డు మీద గీత పెట్టుకుని దిగిపోయింది.

పోలరాజు బకెట్‌లో చేపలు వెయ్యలేదు.

ముప్పై రెండేళ్లలో తరుగు ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉండటం ఎన్నడూ చూడలేదు. మెల్లగా ట్యాంకు వెనక నీడలోకి నడిచి, రెండు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బకెట్ నోటికి వలముక్క కప్పి ఉంది, తన డాబా మీదదే. కింద నీళ్లలో రెండు గప్పీలు అతని వాసనకి పైకొచ్చాయి. శుక్రవారం ఎవరొస్తారో, దేన్ని పారబోస్తారో, దేన్ని వదిలేస్తారో తెలిసినవాడు వేసిన చేపలు. అడుగున గుప్పెడు బంకమట్టి. మట్టిలోంచి దారమంత తొడిమ ఒకటి వంపు తిరిగి పైకొచ్చింది. దాని చివర ఇంకా పూర్తిగా విప్పుకోని ఎర్రటి ఆకు, రూపాయిబిళ్ల కంటే చిన్నది.

ఒకటి, అని లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టలేదు.

కిందున్న గంగారత్నాన్ని కేకేసి దుర్గాశంకర్ నంబరు అడుగుదామనుకున్నాడు. లేచేముందు వల సర్దడానికి చెయ్యి చాపి, అంచున ముడి కనిపించి ఆగాడు. అచ్చంగా అతను వేసే ముడే. కొస మాత్రం వేలెడు లేదు. అచ్చులో తట్టుకోకుండా, పంటితో దగ్గరికి కొరికేసి ఉంది.